అమ్మకెన్ని పాయింట్లు?

పోయిన ఏడాది అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలుండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ అందరూ అడిగేదొకటే, నయాగరా చూశావా, స్వేచ్ఛా విగ్రహం చూశావా అని. చూశాను. చూసినవాళ్ళు చాలామంది వాటి గురించి రాశారు కూడాను. నేను రాయబోయేది వాటి గురించి కాదు. శనివారం సాయంత్రాలు మా అబ్బాయి భోజనాల బల్ల చుట్టూ జరిగే ఒక ఆట గురించి, ఆ ఆట పుణ్యమా అని నేను చదివిన రెండు పుస్తకాల గురించి.

వాళ్ళుండేది న్యూజెర్సీలో, ఎడిసన్ అనే ఊళ్ళో. నేను వెళ్ళిన మొదటి శనివారమే ఆరు గంటలయ్యేసరికి స్నేహితులు ముగ్గురు దిగారు. ఒక తెలుగమ్మాయి, ఒక గుజరాతీ కుర్రాడు, మూడో ఆయన అక్కడివాడే, స్కూల్లో చరిత్ర చెప్పే మేష్టారు. మా వాడూ కోడలూ కలిసి అయిదుగురు. బల్ల మీద పాచికలు చూడగానే నా గుండె గుభేలుమంది, జూదమేమోనని. డబ్బు కనబడలేదు గదా అని కుదుటపడి, రెండు వాయిలు పునుగులు వేసి పట్టుకెళ్ళాను. పళ్ళెం పెట్టటానికి మా వాడి ముందున్న కాగితం పక్కకు జరిపాను. జరిపినదాన్ని ఊరుకోవచ్చుగా? చదివాను.

అది వాడి పాత్ర కాగితమట. ఆటలో వాడు వేసే వేషానికి జాతకచక్రం లాంటిదన్నమాట. బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలున్నాయి. కింద ‘లోపాలు’ అని శీర్షిక. దాని కింద వరసగా రాసి ఉంది: నిజాయితీ. ఇచ్చిన మాట తప్పలేకపోవటం. ఆధారపడినవారు – తల్లి. ఒక్కోదాని పక్కన ఒక్కో మైనస్ అంకె.

నేనేమీ అనలేదు. పళ్ళెం అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. కోడలు వెనకే వచ్చింది.

“అత్తయ్యగారూ, అది మీరనుకుంటున్నట్టు కాదు.”

“నేనేమీ అనుకోవటం లేదమ్మా. నిజాయితీ ఒక లోపం, తల్లి ఒక లోపం. బాగానే ఉంది మీ ఆట.”

ఆ పిల్ల నవ్వలేదు. లోపలికెళ్ళి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. “ముందు చదవండి. చదివాక తిట్టండి. మీరు ఏ పుస్తకాన్నైనా చదివాకే గదా తిడతారు!”

అక్కడ పట్టుకుంది నన్ను. ఇన్నేళ్ళుగా నవలల మీదా కథల మీదా నాలుగు ముక్కలు రాస్తూ వచ్చినదాన్ని, చదవకుండా తిట్టిందన్న మాట పడలేను గదా. ఆ రాత్రే మొదలుపెట్టాను.

ముందు ఆట ఏమిటో చెప్పాలి. ఈ తరహా ఆటల్లో అచ్చుకెక్కిన మొదటిది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్, మినెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేశారు. 1974లో మొదటి విడత వెయ్యి కాపీలు వేశారు. ఆడేవాళ్ళలో ఒకరు సూత్రధారి. “మీరొక పాడుబడ్డ కోట ముందున్నారు, తలుపు మూసి ఉంది, ఏం చేస్తారు?” అంటాడాయన. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకరు గోడ దూకుతానంటారు, ఒకరు తలుపు తడతానంటారు. దూకగలిగాడా లేదా అన్నది పాచికలు చెబుతాయి. తరువాత ఏమైందన్నది మళ్ళీ సూత్రధారి చెబుతాడు. ఇందులో గెలుపూ ఓటమీ లేవు. కథ నడిచినన్నాళ్ళు ఆట, ఆట నడిచినన్నాళ్ళు కథ. చిన్నప్పుడు మనం గుజ్జనగూళ్ళు ఆడుకుంటూ “నేను అత్తగార్నట, నువ్వు కోడలివట” అనుకోలేదూ, అదే. కాకపోతే వీళ్ళకు ఆ ‘అట’ను నడిపే నియమాల పుస్తకాలున్నాయి.

నియమాల పుస్తకంలో చదవటానికేముంటుంది అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. అసలు విశేషమంతా అక్కడే ఉందని తరువాత తెలిసింది.

మొదట్లో ఒక్కో ఆటకు ఒక్కో నియమావళి ఉండేది. 1978లో ‘రూన్‌క్వెస్ట్’ అనే ఆట వచ్చింది. గ్రెగ్ స్టాఫర్డ్ అనే ఆయన అప్పటికే ఊహించి పెట్టుకున్న గ్లొరాంతా అనే లోకంలో నడిచే ఆట అది. నియమాలు రాసినవాళ్ళలో ముఖ్యుడు స్టీవ్ పెరిన్. 1980లో కేయోసియం అనే సంస్థ ఆ నియమాల్లోంచి గ్లొరాంతాకే చెందిన సంగతులన్నీ తీసేసి, ఏ కథకైనా పనికొచ్చే సారం మాత్రం మిగిల్చి, పదహారు పేజీల చిన్న పుస్తకంగా వేసింది. ఆ పదహారు పేజీలే ఆ తరువాత ఎన్నో ఆటలకు మూలపిండి అయ్యాయి.

మూలపిండి అని ఊరికే అనలేదు. మన ఇళ్ళల్లో ఒకసారి రుబ్బిన పిండి మొదటిరోజు ఇడ్లీ, రెండోరోజు కాస్త పల్చన చేస్తే అట్టు, మూడోరోజు ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కలిపితే పునుగు. పిండి ఒకటే, కానీ ఏ రోజు ఏం కలపాలో తెలియకపోతే మూడూ పాడే. ఆ కలిపే చేతిలో ఉంది పనితనం.

1981లో శాండీ పీటర్సన్ అనే రచయిత ఆ పిండి తీసుకుని ‘కాల్ ఆఫ్ థుల్హూ’ అనే ఆట చేశాడు. లవ్‌క్రాఫ్ట్ అనే పాతకాలపు అమెరికన్ రచయిత భయానక కథలు దానికి ఆధారం. ఆ కథల్లో భయం దయ్యం పీక నులమటంలో లేదు. తెలుసుకోకూడనిది తెలుసుకున్నవాడికి మతి చలిస్తుంది. పీటర్సన్ ఏం చేశాడంటే, పాత నియమాలకు ‘మతి స్థిమితం’ అని ఒక అంకె చేర్చాడు. ఘోరాన్ని చూసినప్పుడల్లా అది తగ్గుతుంది. పైగా ఆ రహస్యాల గురించి ఎంత ఎక్కువ తెలిస్తే ఆ అంకె పైకి వెళ్ళగల హద్దు అంత కిందికి దిగుతుంది. చూశారా! లవ్‌క్రాఫ్ట్ మీద పది వ్యాసాలు రాసినా చెప్పలేనిది ఆ ఒక్క అంకె చెప్పింది. ఒక కథకు నియమం రాయాలంటే ఆ కథలో ఏది ముఖ్యమో ముందు తేల్చుకోవాలి. అది విమర్శకుడి పనే గదా! కాబట్టి నియమాలను ఒక లోకానికి సరిపెట్టటం కూడా సాహిత్య విమర్శే అని నేను ఒప్పుకుంటున్నాను. ఒప్పుకున్నాను గనకే ఈ కాగితాలు నింపుతున్నాను.

ఇక మా కోడలు నా చేతిలో పెట్టిన లావు పుస్తకం. దాని పేరు ‘గర్ప్స్’. ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ అనే ఆయన సంస్థ 1986లో వేసింది. నాకిచ్చింది 2004లో వచ్చిన నాలుగో కూర్పు. పేరు పెట్టని ఆట అని తమలో తాము సరదాగా పిలుచుకున్న మాటే చివరికి పేరై కూర్చుందట. తరువాత ఆ అక్షరాలకు ‘సర్వసామాన్య నియమావళి’ అని అర్థం వచ్చేలా మాటలు కుదిర్చారు. రోమ్ సామ్రాజ్యం కావచ్చు, రోదసి కావచ్చు, భయానక కథ కావచ్చు, దేనికైనా ఇవే నియమాలు, మూడంటే మూడు మామూలు పాచికలు. మనిషికి నాలుగు మూలగుణాలు: బలం, చురుకుదనం, తెలివి, ఆరోగ్యం. మామూలు మనిషికి అన్నీ పదే. మూడు పాచికలు వేసి పదో అంతకన్నా తక్కువో పడితే పని అయినట్టు. అంటే మామూలు మనిషి తలపెట్టిన పని సరిగ్గా సగంసార్లు అవుతుంది. జీవితం ఇంతకన్నా ఉదారంగా ఉన్నట్టు నాకైతే తోచలేదు.

పాత్ర తయారుచేసుకోవటానికి అందరికీ సమానంగా పాయింట్లిస్తారు, ఇంటి ఖర్చుకు డబ్బిచ్చినట్టు. వాటితో సుగుణాలు కొనుక్కోవాలి. చాలకపోతే లోపాలు తీసుకోవాలి. ఒక్కో లోపానికి కొన్ని పాయింట్లు తిరిగి వస్తాయి. ఆ లోపాల జాబితా చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజాయితీ లోపం. ధర్మబుద్ధి లోపం. దయ లోపం. తనకంటే ముందు ఇతరులను చూసుకోవటం లోపం. మన అమ్మలూ అమ్మమ్మలూ బతికి ఉంటే ఈ లెక్కన ఎన్ని పాయింట్లు వచ్చేవో, వాటితో ఏ ఆకాశంలో ఎగిరేవాళ్ళో!

‘ఆధారపడినవారు’ అన్న చోట ఇంకా ఉంది. ఆ మనిషి ఎంత చేతగానిదైతే అన్ని ఎక్కువ పాయింట్లు. ప్రేమించే మనిషైతే రెట్టింపు. ఆ మనిషి కథ మధ్యలో పోతే వచ్చిన పాయింట్లకు లెక్క చెప్పాలి: సంపాదించిన వాటిలోంచి కట్టాలి, లేదా కొత్త లోపం తీసుకోవాలి, లేదా ఆధారపడే మరో మనిషిని వెతుక్కోవాలి. కథలో ఆ మనిషి కనిపించేదీ లేనిదీ కూడా పాచికలే చెబుతాయి. మా వాడి కాగితం మీద తల్లి పక్కన 9 అని ఉంది. మూడు పాచికల మీద తొమ్మిదో తక్కువో పడితే ఆ వారం తల్లి కథలోకి వస్తుంది. లెక్క కడితే నూటికి ముప్పై ఏడున్నర సార్లు.

మర్నాడు కాఫీ ఇస్తూ మా వాణ్ణి అడిగాను, “నేను లోపాన్నేమిట్రా?” అని.

“అది కాదమ్మా. లోపమంటే చెడ్డదని కాదు. మనిషి చేతులు కట్టేసేది. నిజాయితీపరుడు అబద్ధమాడి తప్పించుకోలేడు గదా. అమ్మ ఉన్నవాడు అమ్మకు ఆపదొస్తే మిగతా పని వదిలేసి వెళ్ళాలి. వెళ్తేనే కథ. ఎవరూ లేనివాడికి కథేముంటుంది?”

జవాబు బాగుంది. ఎంత బాగుందంటే, కోపం పోయినట్టే పోయి ఎక్కడో నలుసంత మిగిలింది. ఆ నలుసు సంగతి చివర చెబుతాను.

వాళ్ళు మొదలుపెట్టబోతున్న కథ ‘వైల్డ్ కార్డ్స్’ అనే పుస్తకాల్లోది. అందుకని అవీ చదవాల్సి వచ్చింది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ పేరు ఇప్పుడు మన పిల్లలందరికీ తెలుసు. ఆయనకంత పేరు రాకముందు, 1983 సెప్టెంబరులో న్యూ మెక్సికోలో ఉండగా, విక్టర్ మిలాన్ అనే సాటి రచయిత పుట్టినరోజు కానుకగా ‘సూపర్‌వరల్డ్’ అనే ఆట పెట్టె ఇచ్చాడు. ఇందాక చెప్పిన పదహారు పేజీల పిండితోనే స్టీవ్ పెరిన్ చేసిన మరో వంటకం అది, మానవాతీత శక్తులున్నవాళ్ళ కథలకు. మార్టిన్ సూత్రధారి అయ్యాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో చాలామంది రచయితలే. ఆట పిచ్చిలో పడి రాయవలసిన రాతలు మూలపడ్డాయి. చివరికి, ఇంత కష్టపడి కల్పించిన లోకాన్ని పుస్తకమైనా చేద్దామనుకున్నారు. 1987లో మొదటి సంపుటం వచ్చింది. ఇప్పటికి ముప్పైకి పైగా వచ్చాయి. ఎందరో రచయితలు, లోకం మాత్రం ఒక్కటే.

ఆ లోకం కథ ఇదీ. 1946 సెప్టెంబరు 15న న్యూయార్కు నగరం మీద ఆకాశంలో గ్రహాంతరాల నుంచి వచ్చిన ఒక వైరస్ విడుదలవుతుంది. (మొదటి కథ రాసిన హోవర్డ్ వాల్డ్రాప్ పుట్టినరోజు కూడా అదే!) అది సోకినవాళ్ళు నూరుమందిలో తొంభైమంది చచ్చిపోతారు. వాళ్ళకు నల్లరాణి పడిందంటారు. తొమ్మిదిమంది బతుకుతారు గానీ రూపం మారిపోతుంది. వాళ్ళు జోకర్లు. ఒక్కరికి మాత్రం రూపం చెడకుండా వింత శక్తి వస్తుంది. ఆ ఒక్కరు ఆసు. మంచివాళ్ళకు ఆసు, చెడ్డవాళ్ళకు నల్లరాణి అన్న నియమమేమీ లేదు. పేకముక్క ఎలా పడితే అలా.

మొదటి సంపుటంలో నాకు బాగా నచ్చినవి రెండు. రోజర్ జెలాజ్నీ రాసిన నిద్రమనిషి కథ ఒకటి. క్రాయిడ్ అనే కుర్రాడు నిద్రపోయి లేచినప్పుడల్లా కొత్త రూపంతో, కొత్త శక్తితో లేస్తాడు. ఒకసారి ఆసు, ఒకసారి జోకరు. ఈసారి నిద్రపోతే ఏమై లేస్తానోనన్న భయంతో నిద్ర పట్టకుండా మందులు మింగుతుంటాడు. ఉమ్మడి లోకానికి ఇంతకన్నా మంచి కానుక ఎవరిస్తారు? ప్రతిసారీ మారేవాడు గనక ఏ రచయితైనా వాడుకోవచ్చు, లోపలి భయం ఒక్కటే గనక ఎవరు రాసినా అతనే. జెలాజ్నీ 1995లో పోయారు. నిద్రమనిషి మిగతావాళ్ళ చేతుల్లో లేస్తూనే ఉన్నాడు.

రెండోది వాల్టర్ జాన్ విలియమ్స్ రాసిన ‘సాక్షి’. అందులో నాయకుడి ఒంటికి తుపాకిగుండు కూడా తగలదు. అలాంటివాడు అమెరికాలో కమ్యూనిస్టుల వేట జరిగిన రోజుల్లో విచారణసంఘం ముందు కూర్చుని, భయపడి, స్నేహితులకు ద్రోహం చేస్తాడు. ఒంటికి తగలని దెబ్బ మనసుకు తగులుతుంది. ఆటలో బలానికి అంకె ఉంది. సిగ్గుకు అంకె ఎక్కడుంది?

నచ్చనిదీ చెప్పాలి. ఈ మొదటి పుస్తకంలో ఆడవాళ్ళ కష్టం ఎక్కువగా మగవాళ్ళ కథకు మలుపుగానే వస్తుంది. మెలిండా స్నోడ్‌గ్రాస్ రాసిన కథలో బ్లైత్ అనే ఆవిడ ఉంది. గొప్ప గొప్ప శాస్త్రజ్ఞుల మనసులను తన మనసులో దాచుకోగల శక్తి ఆవిడది. ఆ విచారణసంఘం ముందే ఆవిడ నోరు జారబోతుంటే, ప్రేమించినవాడే తన మనశ్శక్తితో ఆపుతాడు. ఆవిడ మతి చెదిరిపోతుంది. ఆ తరువాత కథంతా అతని పశ్చాత్తాపం, అతని తాగుడు. అంతమంది మనసులు మోసిన ఆవిడ లోపల ఏం జరిగిందో మనకు తెలియదు. రాసింది స్త్రీయే అయినా, చదువుతుంటే నాకు అసంతృప్తిగానే మిగిలింది.

అయినా ఇంతమంది కలిసి రాస్తే రసాభాస కాకుండా ఎలా నిలిచింది? మన వారపత్రికల్లో గొలుసు నవలలు చదివినవాళ్ళకు తెలుసు ఆ బాధ. ఈ వారం రచయిత కథానాయికకు పెళ్ళి చేస్తే, వచ్చేవారం రచయిత అదంతా కల అంటాడు. నా చిన్నప్పుడు ఒకసారి పక్కింటి పిల్లతో కలిసి బొమ్మల పెళ్ళి చేశాను. పెళ్ళికూతురు బొమ్మ నాది, పెళ్ళికొడుకు వాళ్ళది. పప్పుబెల్లాలతో విందయ్యాక ఆ పిల్ల, “ఇక మీ బొమ్మ మా ఇంట్లోనే ఉండాలి” అని పట్టుకుపోబోయింది. ఏడ్చి ఇల్లు పీకి పందిరేశాను. పెద్దవాళ్ళొచ్చి, “బొమ్మ నీదే, పండగలకి వాళ్ళింటికి పంపించు” అని తీర్పు చెబితే గానీ ఊరుకోలేదు.

మార్టిన్ బృందం చేసుకున్న ఒప్పందమూ ఇంచుమించు ఇదే. లోకం అందరిదీ, పాత్ర మాత్రం కల్పించినవాళ్ళదే. ఒకరి పాత్రను మరొకరు తమ కథలోకి పిలుచుకోవచ్చు, కానీ రాసినది సొంతదారు చూసి సరేననాలి. వీళ్ళకంటే ముందే 1979లో రాబర్ట్ ఆస్ప్రిన్ ‘థీవ్స్ వరల్డ్’ అనే దొంగల ఊరి కథలను ఇలాగే పలువురి చేత రాయించాడు. ఆ ఊరు 1981లో ఆటపెట్టెగా వచ్చినప్పుడు, ఆ పాత్రలను తొమ్మిది రకాల నియమాల్లో లెక్కగట్టి ఇచ్చారు, ఎవరికి అలవాటైన ఆటలో వాళ్ళు వాడుకునేట్టు. కాబట్టి ఉమ్మడి లోకానికి ఒకే నియమావళి ఉండి తీరాలన్నదేం లేదు. బొమ్మ ఎవరిదో తేలితే చాలు.

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం. ఆటలోంచి పుట్టిన ఈ లోకం 1989లో మళ్ళీ ఆటలోకి తిరిగి వచ్చింది, ఈసారి గర్ప్స్ నియమాల్లోకి. రాసింది జాన్ జె. మిల్లర్, ఆ పుస్తకాల రచయితల్లో ఒకరే. మా వాళ్ళు ఆడబోయేదీ అలాంటిదే. రెండో శనివారం అందరూ కూర్చుని పాత్రలు పూర్తిచేస్తుంటే వాదం వచ్చింది. బతికినవాళ్ళలో పదిమందికి ఒకరే ఆసు గనక, పది పేకముక్కలు బోర్లించి తలా ఒకటి తీయమన్నాడు మేష్టారు. ఆయనే సూత్రధారి. ఆసు ఎవరికీ రాలేదు. అందరూ జోకర్లే. అప్పుడా గుజరాతీ కుర్రాడు, “నాకు ఒళ్ళంతా పొలుసులొచ్చాయి, చేతులు పనిచెయ్యవు. లోపమే గదా, పాయింట్లివ్వండి, వాటితో మంచి శక్తి ఏదైనా కొనుక్కుంటాను” అన్నాడు. నియమం ప్రకారం అతను అడిగింది న్యాయమే. మేష్టారు ఇవ్వనన్నాడు.

వినోదం చూస్తున్న నన్ను తీర్పు చెప్పమన్నారు. “ఆంటీ, రెండూ చదివింది మీరే గదా!” అని.

నాకు తోచింది చెప్పాను. గర్ప్స్ పుస్తకంలో ప్రతి కష్టానికీ ఎక్కడో జమ ఉంది. కన్ను పోతే పాయింట్లు, కాలు పోతే పాయింట్లు. వైల్డ్ కార్డ్స్ కథల్లో అది లేదు. రూపం పోయినవాడికి రూపం పోయింది, అంతే. దానికి బదులుగా ఎవరూ ఏమీ ఇవ్వరు. జమాఖర్చు సరిపోయే లోకం ఒకటి, సరిపోని లోకం ఒకటి. మొదటిదాని నియమాలు రెండోదానికి యథాతథంగా తొడిగితే ఆ కథల ప్రాణమే పోతుంది.

మా కోడలు ఊరుకోలేదు. “పాయింట్లు పాత్రలకు న్యాయం చెయ్యటానికి కాదండీ అత్తయ్యగారూ. ఆడేవాళ్ళకు. ఒకళ్ళు కొండలెత్తుతూ, ఒకళ్ళు వారం వారం చూస్తూ కూర్చుంటే ఆ బల్ల దగ్గరకు ఎవరొస్తారు?”

అదీ నిజమే. కథలో న్యాయం లేకపోయినా కూర్చున్నవాళ్ళ మధ్య న్యాయం ఉండాలి. కాసేపు ఆలోచించి చెప్పాను. “లోపాలు రెండు రకాలు నాయనా. నెత్తిన పడ్డవి కొన్ని, నెత్తికెత్తుకున్నవి కొన్ని. పొలుసులు నెత్తిన పడ్డవి. వాటికి పాయింట్లొద్దు. నిజం చెప్పటం, మాట నిలబెట్టుకోవటం, ఒకరి బరువు మొయ్యటం, ఇవి నెత్తికెత్తుకున్నవి. వీటికివ్వండి. అందరికీ సమానంగా ముక్కలు పడ్డాయి, అందరికీ సమానంగా ఎత్తుకునే వీలూ ఉంది.”

మేష్టారు పెన్సిలు తీసుకుని దాన్ని అలాగే రాసుకున్నాడు. ఆ ఇంటి నియమం నెంబరు నాలుగు నాదే. ఎంత రచయిత్రినైనా, నా మాట ఒక లోకానికి చట్టమవటం అదే మొదటిసారి.

ఆ కుర్రాడు కూడా ఊరుకోలేదు. పొలుసులున్న తన జోకరుకు ఓ ముసలి చేపలమ్మిని అండగా చూసుకునే బాధ్యత తగిలించాడు. తరువాతి నాలుగు వారాల కథ అంతా ఆ చేపలమ్మి చుట్టూనే తిరిగింది. కొండలెత్తే శక్తి కొనుక్కుని ఉంటే అంత మంచి కథ వచ్చేది కాదని అతనే ఒప్పుకున్నాడు. నియమం సరైనదా కాదా అని తేలేది ఇలాగే మరి, దాన్నుంచి పుట్టిన కథను బట్టి.

పిల్లలు ఇలా బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలు సాహిత్యమా అని మీరడిగితే, పాచికలు సాహిత్యం కావు, పాయింట్లు కావు. కానీ అయిదుగురు కూర్చుని, ఈ లోకంలో దేనికి విలువ కట్టాలి, దేనికి కట్టకూడదు అని గంటసేపు పోట్లాడుకోవటం సాహిత్యానికి చాలా దగ్గరి చుట్టం. మనం సీరియల్ చదివి, ఆ రచయిత కథానాయికకు అన్యాయం చేసిందని ఉత్తరాలు రాసేవాళ్ళం. వీళ్ళు ఉత్తరం రాయరు. నియమం మార్చుకుంటారు. అంతే తేడా.

ఇక ఆ నలుసు సంగతి. వాళ్ళంతా వెళ్ళాక గిన్నెలు సర్దుతూ మా వాణ్ణి అడిగాను. “నాకు పాయింట్లున్నాయా, లేవా? నేను నెత్తిన పడ్డదాన్నా, నెత్తికెత్తుకున్నదాన్నా?”

వాడు జవాబు చెప్పలేదు. గిన్నెలు తుడిచి బోర్లించాడు. వచ్చే శనివారం పళ్ళెం పెట్టేటప్పుడు కాగితం మళ్ళీ చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? ‘ఆధారపడినవారు – తల్లి’ అన్నది అలాగే ఉంది. పక్కన 9 కొట్టేసి 12 అని రాశాడు. లెక్క కడితే నూటికి డెబ్బైనాలుగు సార్లు.

ఇప్పుడు నేను ఇక్కడ, వాడు అక్కడ. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. మొన్నటి ఆదివారం చెయ్యలేదు. పాచికలు పన్నెండు దాటి పడి ఉంటాయిలే అని సరిపెట్టుకుని పడుకున్నాను. సోమవారం తెల్లవారకుండానే ఫోను మోగింది.